రేపటి మాంసానికి ఈ రాత్రే నిప్పు

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్ కార్డు చేతికొచ్చింది, ఉద్యోగం మీద మాత్రం నమ్మకం సడలింది. "మావయ్యా, బార్బెక్యూ ఫ్రాంచైజీ ఒకటి చూస్తున్నాను. పేరున్న బ్రాండు. అంతా వాళ్లే నేర్పిస్తారట. మీరేమంటారు?" అన్నాడు. డాలస్ ఉత్తరపు శివార్లలో 2012 నుంచి 2023 దాకా అలాంటి షాపే నడిపినవాణ్ణి. ఫోన్‌లో చెప్పింది చాలలేదనిపించి కాగితం మీద పెడుతున్నాను. రాసింది వాడికే అయినా, ఈ దారి పట్టబోయే మనవాళ్లు టెక్సాస్‌లో ఇంకా ఉన్నారు. వాళ్లకీ పనికొస్తుంది.

1. ముందు ఇంట్లో తేల్చుకో.

అల్లుడూ, టెక్సాస్‌లో బార్బెక్యూ అంటే బ్రిస్కెట్. అంటే గొడ్డు రొమ్ము మాంసం. చికెన్, టర్కీ, సాసేజ్, పంది పక్కటెముకలు అన్నీ అమ్ముతాం. కానీ కొత్తగా వచ్చినవాడు షాపుని తూచేది బ్రిస్కెట్ ముక్కతోనే. నేను కోడీ వేటా తినేవాణ్ణే గానీ ఇది ముట్టలేదు. మా అమ్మ మా దగ్గర ఉన్నంతకాలం షాపు బట్టలు గ్యారేజీలోనే విప్పి, స్నానం చేశాకే ఆవిడ గదిలోకి వెళ్లేవాణ్ణి. పొగ వాసన మాత్రం జుట్టులోంచి పోయేది కాదు. ఆవిడ ఏనాడూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు బరువుగా ఉండేది.

రుచి చూడలేని యజమానికి ఇంకో కష్టం ఉంది. రెండో ఏడాది ఒక వారమంతా మాంసానికి పట్టించే మసాలాలో ఉప్పు తగ్గింది. రోజూ వచ్చే ఒక పెద్దమనిషి చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పట్నుంచి రోజూ పదిన్నరకి ఇద్దరు పనివాళ్లు విడివిడిగా రుచి చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టే పద్ధతి పెట్టాను. నువ్వు తింటావా లేదా, పట్టుకుంటావా లేదా, మీ ఆవిడ ఏమంటుంది, అక్కయ్య ఏమంటుంది... సంతకానికి ముందే మాట్లాడుకోండి. షాపు తెరిచాక మాట్లాడుకునే తీరిక ఉండదు.

2. ఎఫ్‌డీడీలో వెళ్లిపోయినవాళ్ల జాబితా వెతుకు.

ఫ్రాంచైజీ అమ్మే ఏ కంపెనీ అయినా నీ చేత సంతకం పెట్టించేముందు, డబ్బు తీసుకునేముందు, కనీసం 14 రోజులు ముందుగా వివరాల పత్రం (ఎఫ్‌డీడీ) ఇవ్వాలి. అది అమెరికా ఫెడరల్ నియమం. అందులో 23 అంశాలుంటాయి. అందరూ ఏడో అంశం, అంటే పెట్టుబడి ఎంతవుతుందో చూస్తారు. పందొమ్మిదోది, అంటే మిగతా షాపుల అమ్మకాలూ చూస్తారు. అయితే ఆ పందొమ్మిదోది ఇచ్చి తీరాలని కంపెనీకి బలవంతమేమీ లేదు. ఇచ్చినా చాలాసార్లు అది అమ్మకమే, మిగులు కాదు.

నువ్వు ఇరవయ్యోది చదువు. ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూశారు, ఎన్ని చేతులు మారాయి అన్నీ అందులో ఉంటాయి. ముందటి ఏడాది బయటికి వెళ్లినవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ కూడా ఉంటాయి. నేను ఆ పేజీలు తిప్పేశాను. నడుపుతున్నవాళ్లకే ఫోన్ చేశాను. వాళ్లూ అప్పులో ఉన్నారు, కొత్తవాడికి భయం చెప్పి తమ బ్రాండుని తామే తగ్గించుకోరు. షాపు తెరిచిన రెండేళ్లకి, నా జాబితాలోనే ఉన్న ఒకావిడని అనుకోకుండా ఒక పెళ్లి విందులో కలిశాను. ఆవిడ పది నిమిషాల్లో చెప్పినవన్నీ నేను రెండేళ్లు డబ్బు పోసి నేర్చుకున్నవే.

3. రాయల్టీ అమ్మకం మీద. లాభం మీద కాదు.

నా ఒప్పందంలో ప్రతి వంద డాలర్ల అమ్మకానికి 5 రాయల్టీ, 4 ప్రకటనల నిధి. నీకు నష్టం వచ్చిన వారం కూడా ఆ తొమ్మిదీ నీ ఖాతాలోంచి వాటంతట అవే వెళ్లిపోతాయి. ఒకసారి కంపెనీ దేశమంతటికీ సగం ధర కూపన్ వదిలింది. షాపు ముందు వరస కట్టారు, అమ్మకం పెరిగింది, కంపెనీ రాయల్టీ పెరిగింది. మాంసం ఖర్చు నాది, పనివాళ్ల ఓవర్‌టైమ్ నాది. ఆ వారం చివర మా ఆవిడ లెక్క చూసి కాగితం నా ముందు పెట్టి లేచి వెళ్లిపోయింది. కూపన్లకి ఒప్పుకోక తప్పదా, నీకు వీలులేదనే హక్కుందా అన్నది ఒప్పందంలో వెతుకు. ఫుడ్ డెలివరీ యాప్‌ల కమీషన్ 30 శాతం దాకా ఉంటుంది. అదీ రాయల్టీ లెక్కలోకి వస్తుందో రాదో అడుగు.

4. రేపు ఎంత అమ్ముతావో ఈ రోజు సాయంత్రమే తేల్చుకోవాలి.

ఈ వ్యాపారం గుట్టంతా ఇక్కడే ఉంది. బిర్యానీ అయితే జనం ఎక్కువగా వస్తుంటే ఇంకో హండీ ఎక్కిస్తాం, గంటకల్లా దిగుతుంది. బ్రిస్కెట్‌కి ఆ వీలు లేదు. 225 నుంచి 250 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య పన్నెండు, పద్నాలుగు గంటలు పొగలో ఉండాలి. ఆపైన చల్లారే విశ్రాంతి కావాలి. రేపు మధ్యాహ్నం పదకొండున్నరకి వచ్చేవాడు తినేది ఈ రోజు సాయంత్రం ఆరింటికి స్మోకర్‌లో పెట్టింది.

14 పౌండ్ల ముక్క కొంటే కొవ్వు చెక్కి, వండి, నీరు ఇగిరాక అమ్మకానికి మిగిలేది ఇంచుమించు 7 పౌండ్లు. పచ్చిమాంసం పౌండు నాలుగు డాలర్లకి కొన్నావంటే పళ్లెంలోకి వచ్చేసరికి ఎనిమిది. అందుకని మూడు బ్రిస్కెట్లు ఎక్కువ పెట్టినా, మూడు తక్కువ పెట్టినా ఆ రోజు లాభం పోయినట్టే. మిగిలినదాన్ని తరిగి శాండ్‌విచ్‌లోకి, చిక్కుడుగింజల కూరలోకి, కాల్చిన బంగాళాదుంపలోకి తిప్పుకోవచ్చు. కానీ వాటి ధర తక్కువ.

లాక్‌హార్ట్ లాంటి ఊళ్లలో పాత షాపులకి ఒక వెసులుబాటు ఉంది. మాంసం అయిపోతే బోర్డు తిప్పేస్తారు, జనం దాన్ని గౌరవంగానే చూస్తారు. ఫ్రాంచైజీకి అది చెల్లదు. రాత్రి తొమ్మిదిదాకా తెరిచుండాలని ఒప్పందంలో ఉంటుంది. ఎనిమిదిన్నరకి వచ్చినవాడికి "అయిపోయింది" అంటే ఫిర్యాదు హెడ్డాఫీసుకి వెళుతుంది.

తెనాలిలో మా నాన్న ధాన్యం కొట్లో చిట్టా రాసేవాడు. నేనూ అలాంటిదే ఒక పుస్తకం పెట్టాను. తేదీ, వాన, చలి, హైస్కూల్ ఫుట్‌బాల్ ఆట ఉందా లేదా, పక్క చర్చిలో ఏమైనా ఉందా, ఎన్ని పెట్టాం, ఎన్ని కోశాం, ఎంత మిగిలింది. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ లెక్క నిరుటి అమ్మకం చెప్పేది. శుక్రవారం ఆట మన ఊళ్లోనా, పరాయి ఊళ్లోనా అన్నది దానికి తెలియదు. మూడేళ్లు నిండాక ఆ పుస్తకం నన్ను తప్పుదోవ పట్టించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

5. నిప్పు దగ్గరి మనిషికి నీకంటే ఎక్కువ జీతం ఇవ్వాల్సొస్తే ఇవ్వు.

తెరిచిన రెండో నెలలో ఒక రాత్రి పనివాడు రాక నేనే కూర్చున్నాను. అర్ధరాత్రికి మాంసంలో గుచ్చిన థర్మామీటర్ 160 చూపించింది. ఒంటిగంటకీ 160. రెండింటికి 161. పొయ్యి చెడిందనుకుని వేడి బాగా పెంచేసి, కుర్చీలో కునుకు తీశాను. తెల్లారేసరికి ఎనిమిది బ్రిస్కెట్ల సన్నభాగం ఎండి చెక్కలా అయింది.

పొద్దున్నే వచ్చిన మా పిట్ మాస్టర్, అంటే నిప్పు దగ్గరి మనిషి, నన్నేమీ అనలేదు. అరవై దాటిన నల్లజాతి పెద్దాయన, చిన్నప్పట్నుంచీ పొగ దగ్గరే పెరిగినవాడు. "మాంసానికి చెమట పడుతోంది. చెమట పడితే మనకి ఒళ్లు చల్లబడదూ? దానికీ అంతే. ఆ చెమట ఆరేదాకా ముల్లు కదలదు. నువ్వూ కదలకూడదు" అన్నాడు. కొందరు ఆ దశలో మాంసాన్ని కాగితంలో చుడతారు, చెమట తగ్గి త్వరగా దాటుతుంది. కంపెనీ పుస్తకంలో ముల్లు 200 దాటితే తీయమని ఉండేది. ఆయన ముల్లు చూసేవాడు గానీ దాన్నే నమ్ముకునేవాడు కాదు. తొడుగు వేసిన చేతిలోకి తీసుకుని కాస్త ఊపేవాడు. జున్నుముక్కలా వణికితే అయినట్టు. వణక్కపోతే ముల్లు ఎంత చూపినా మళ్లీ లోపలికే.

ఒక సోమవారం షాపు మూసి నన్ను లాక్‌హార్ట్ తీసుకెళ్లాడు. టెక్సాస్ శాసనసభ బార్బెక్యూ రాజధాని అని పేరుపెట్టిన ఊరు. 1900లో మొదలైన క్రైట్స్ (Kreuz) మార్కెట్ అక్కడే ఉంది. వెనకటి జర్మన్, చెక్ కసాయివాళ్లు అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగపెట్టి, కాగితంలో చుట్టి అమ్మేవాళ్లట. ఈ ఆటంతా అలా మొదలైంది. పోస్ట్ ఓక్ కట్టె కాలుతుంటే పొగ సన్నగా నీలంగా ఉండాలి, తెల్లగా దట్టంగా వస్తే చేదు పడుతుందని అక్కడే చూపించాడు. మొదటి మూడేళ్లు ఆయన జీతం నాకు మిగిలినదానికంటే ఎక్కువే. కంపెనీ పంపిన లెక్కల మనిషి అది తగ్గించమన్నాడు. తగ్గించలేదు.

6. అద్దె కాగితంలో "ట్రిపుల్ నెట్" అని ఉంటే మూడు వేళ్లు మడిచి లెక్కపెట్టు: స్థలం పన్ను, బీమా, ఆవరణ నిర్వహణ. అసలు అద్దె కాక ఇవన్నీ నీవే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదని సంబరపడతాం గానీ స్థలం పన్ను గట్టిది. చుట్టూ ఊరు పెరిగేకొద్దీ అదీ పెరిగింది, నా వాటా కూడా.

7. సేల్స్ ట్యాక్స్ నీ డబ్బు కాదు. మా దగ్గర 8.25 శాతం. ఏ రోజుది ఆ రోజే వేరే ఖాతాలోకి మార్చెయ్, వచ్చే నెల 20లోపు కట్టెయ్. ఇబ్బందిలో ఉన్నప్పుడు ఆ ఖాతా వైపు చూడొద్దు.

8. ఇంట్లో ఒక జీతం ఆగకుండా ఉండాలి.

మా ఆవిడ ఉద్యోగం మానలేదు కాబట్టి మా నలుగురికీ ఆరోగ్య బీమా నిలిచింది. 2020 మార్చిలో కరోనాతో షాపుల్లో కూర్చుని తినడం ఆపేశారు. ఏప్రిల్, మే నెలల్లో మాంసం ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, బ్రిస్కెట్ ధర చూసి గుండె జారింది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయింది. స్మోకర్ ఆగిన చోటే తొమ్మిది బ్రిస్కెట్లు చల్లారిపోయాయి. వేడి 135 కిందికి పడి గంటలు గడిచిన మాంసం అమ్మకూడదు. అన్నీ పారబోశాం. ఆ రెండేళ్లలో ఇంటి ఖర్చుకి షాపు గల్లా మీద చెయ్యి వెయ్యలేదంటే ఆవిడ జీతం వల్లే.

9. లోపలికి వెళ్లేముందే బయటికి దారి చూసుకో.

అప్పుకీ అద్దెకీ నీ సొంత పూచీ రాయించుకుంటారు. షాపు అమ్మేసినా, అద్దె పూచీ నుంచి నిన్ను విడిచిపెట్టినట్టు భవనం యజమాని రాసివ్వకపోతే, కొన్నవాడు కట్టని అద్దె నీ ఇంటి తలుపు తడుతుంది. అమ్మేటప్పుడు కంపెనీ ఒప్పుకోవాలి, బదిలీ రుసుము కట్టాలి. నేను ఆ విడుదల కాగితం కోసం ఐదు నెలలు తిరిగాను, అది చేతికొచ్చాకే సంతకం పెట్టాను.

కొన్నది ఒక నేపాలీ కుర్రాడు, భార్యాభర్తలిద్దరూ పనిచేస్తారు. తాళాలతోపాటు నా పదకొండేళ్ల చిట్టాలూ ఇచ్చాను. పిట్ మాస్టర్‌ని అట్టేపెట్టుకున్నాడు. తొలివారం గురువారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "అంకుల్, రేపటికి ఎన్ని పెట్టమంటారు?" అన్నాడు.

ఆట ఇక్కడేనా, బయటా అని అడిగాను. ఇక్కడే అన్నాడు.

వాన సూచన ఉందా అన్నాను. లేదన్నాడు.

పదకొండు పెట్టమన్నాను.