టాంగో పాటలలో మాతృస్మృతి

దక్షిణ అమెరికాలో లా ప్లాటా నదీముఖమున బ్యూనస్ అయిర్స్, మాంటివిడియో అను రెండు రేవుపట్టణములు గలవు. 19వ శతాబ్దాంతమున నచటి పేదవాడలలో టాంగో పుట్టినది. టాంగో యనగానే జంటనృత్యమే పలువురకు స్ఫురించును. కాని దాని పాటల మాటలను విచారించినచో నందు పలుమారు ఒక వృద్ధమాత కానవచ్చును.

ఇందులకు గారణము నగరచరిత్రలోనే యున్నది. ఇటలీ, స్పెయిన్ దేశములనుండి లక్షలకొలది జనులు ఓడలెక్కి యచటికి వలసవచ్చిరి. 1914వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి బ్యూనస్ అయిర్స్ వాసులలో ఇంచుమించు సగముమంది పరదేశములలో బుట్టినవారే. వారిలో పురుషులే హెచ్చు. ఒక్కొక్క కుటుంబమున కొక్కొక్క గది, అందఱికి నొకే ముంగిలి, ఇట్టి లోగిళ్లలో వారు కాపురముండిరి. సొంత యిల్లు లేదు. తాతల సమాధులు సముద్రమున కావల నుండిపోయినవి. అట్టివారికి వంశక్రమముగా మిగిలిన యాస్తి తల్లిని గూర్చిన జ్ఞాపకమే.

1917లో కార్లోస్ గార్డెల్ "మీ నోచె త్రీస్తె" అను పాట పాడినది మొదలు టాంగో కథ చెప్పు పాటగా బ్రసిద్ధిగాంచెను. ఆ గాయకుని జీవితమే యొక నిదర్శనము. అతడు 1890లో ఫ్రాన్సుదేశపు తూలూజ్ నగరమున బుట్టినట్లు పత్రములు చెప్పుచున్నవి. ఉరుగ్వేవారు కొందఱు మాత్రము తమవాడందురు. తల్లి బెర్త్ గార్డెస్ అవివాహిత. ఆమె 1893లో పసివానితో బ్యూనస్ అయిర్స్ చేరి, పరుల బట్టలు ఇస్త్రీచేసి వానిని బెంచెను. 1933లో వ్రాసిన వీలునామాయందు గార్డెల్ తన సర్వస్వమును తల్లికే యిచ్చెను. 1935లో మెడెజీన్ నగరమున విమానప్రమాదములో నతడు మరణించెను. ఆమె మఱి యెనిమిదేండ్లు జీవించెను.

గార్డెల్ పాడిన "సిలేన్సియో"లో నొక తల్లి యుద్ధమున తన యైదుగురు కుమారులను గోల్పోవును. కాదీకమో రచించిన "లా కసీతా దె మిస్ వియేహొస్" అను పాటలో కుమారుడు యౌవనమును వ్యర్థపఱచుకొని యింటికి మరలి వచ్చును. ముసలి సేవకుడు వానిని గొంతునుబట్టియే గుర్తుపట్టును. తప్పిపోయిన కుమారుని యుపమానమున తండ్రి పరుగెత్తి యెదురేగెను గదా. ఇచట తల్లి వ్యాధిగ్రస్తయై యున్నది. ఆమె చూచిన చూపే క్షమాపణము.

ఇందొక కొఱత లేకపోలేదు. ఈ పాటలు చాలవఱకు కుమారుల పలుకులే. తల్లి యెదురుచూచును, ఏడ్చును, క్షమించును. తన మాటగా బలుకుట యరుదు. కుమారుని పతనమునకు వేఱొక స్త్రీని నిందించి, తల్లిని దేవతగా నిలుపుట ఆ కవుల కలవాటైనది. బెర్త్ చేతి ఇస్త్రీపెట్టె బరువు ఏ పాటలో దెలియును?

తల్లి స్మృతియే గాక తాత పిలుపును టాంగోలో నిలిచినది. 1959లో ఆస్టర్ పియాజొల్లా విదేశమున నుండగా తండ్రి విసెంతె మరణవార్త వినెను. న్యూయార్కు చేరి "అదియోస్ నోనీనో" అను వాద్యగీతమును గూర్చెను. నోనీనో యనగా ఇటాలియను భాషలో తాతయ్య. ఆస్టర్ బిడ్డలు విసెంతెనట్లు పిలిచెడివారు. ఇటలీనుండి యోడలో వచ్చినది విసెంతె తలిదండ్రులు; ఆ మాట వారి మునిమనుమల నోటను మిగిలియుండెను.