ఒకే యంత్రంలో రెండు కాపురాలు: విండోస్ ప్రక్కన లినక్స్ – ప్రారంభకుల సందేహాలు

మేళ్లచెరువు వంటి ఊరిలో ఒక ఇంటికి కంప్యూటరు వచ్చినదంటే అది ఒక్క విద్యార్థి సొత్తుగా మిగలదు. అన్నగారి డిగ్రీ పత్రాల నకళ్లు, చెల్లెలి స్కాలర్‌షిప్ దరఖాస్తు, అక్క పెండ్లి ఫోటోలు, తండ్రిగారి పట్టాదారు పుస్తకపు ప్రతి, అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే చేరుకుంటాయి. కనుకనే లినక్స్ ప్రస్తావన తెచ్చినప్పుడెల్లా మాకు మొదట ఎదురయ్యే ప్రశ్న "లినక్స్ అనగా ఏమి?" అన్నది కాదు. "ఉన్నది పోతుందా?" అన్నదే. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకొనము. పోవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. కాని అజాగ్రత్త వల్ల పోవచ్చును. ఎక్కడ పోతుందో ముందుగా తెలిసినవారికి పోదు. ఆ చోటును చూపించుటకే ఈ వ్యాసం.

ఈ విషయం ఇప్పుడు చర్చకు రావడానికి కారణమున్నది. 2015లో వెలువడిన విండోస్ 10కి భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ముగిసినవి. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మరొక్క సంవత్సరం గడువు మాత్రమే లభించినది. విండోస్ 11 కావలెనన్నచో టీపీఎం 2.0 అనే భద్రతా భాగమూ, కొంత క్రొత్త ప్రాసెసరూ ఉండి తీరవలెను. మన ఇళ్లలోని పాత ల్యాప్‌టాపులలో అనేకం ఈ పరీక్షలో తప్పుతాయి. అవి చెడిపోయినవి కావు. మోటారు బాగుండగా బావిని పూడ్చుకోవడం ఎందుకని మా వాదన.

లినక్స్ పుట్టుక గురించి రెండు మాటలు చాలును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా వ్యవస్థను నిర్మించ సంకల్పించినాడు. 1991లో ఫిన్లండ్ దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానికి కావలసిన గుండెకాయను, అనగా కెర్నెల్‌ను, వ్రాసినాడు. ఈ రెంటినీ కలిపి, ఇతర సాధనాలు చేర్చి, పలువురు పలు పేర్లతో అందిస్తున్నారు. డెబియన్, ఉబుంటు, మింట్ అటువంటివే. మన హైదరాబాదులో 2005లో ప్రారంభమైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు వ్యవస్థను రూపొందించినది. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ అనే దానిని భారతీయ భాషల కొరకు తయారుచేసినది. ఏది వేసుకొనవలెనని అడిగేవారికి మా సలహా: నాలుగు జీబీల ర్యామ్ గల పాత యంత్రానికి మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం. అంతకు మించి పేర్ల మీద తర్కించుట కాలహరణమే.

విండోస్‌ను పూర్తిగా తీసివేయరాదా అని ఉత్సాహవంతులు అడుగుతారు. తీసివేయవచ్చును, కాని మన కళాశాలవారికి అది తొందరపాటు. ఇటువంటి వార్షిక సంచికను తీసుకొనుడు. తెలుగు పుటలకు చాలా ముద్రణాలయాలు నేటికీ అను ఖతులనే వాడుతున్నవి. ఉర్దూ పుటలకు ఇన్‌పేజ్ వాడుక బలంగా ఉన్నది. ఈ రెండూ విండోస్‌నే నమ్ముకొన్న సాధనాలు. అను ఖతులలో కూర్చిన వ్యాసాన్ని లినక్స్‌లో తెరచినచో తెలుగుకు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. కనుక ముద్రణ పనికి విండోస్, చదువుకూ ప్రోగ్రామింగుకూ లినక్స్, రెండూ ఒకే కప్పు క్రింద ఉండుట న్యాయం.

వేయకముందే రుచి చూడవచ్చునన్న సంగతి చాలమందికి తెలియదు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, దాని నుండే యంత్రాన్ని నడిపించవచ్చును. హార్డ్ డిస్కును అది ముట్టదు. వైఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, తెర వెలుతురు తగ్గుతున్నదా అన్నవి అక్కడే తేల్చుకొనవలెను. ఈ పరీక్షకు ఒక సాయంత్రం వెచ్చించండి. అందులో వైఫై రాకపోతే ఇన్‌స్టాల్ చేసిన తరువాత తనంతట తాను వస్తుందని ఆశపడవద్దు.

పెన్‌డ్రైవ్ ఎనిమిది జీబీలది ఉంటే నిశ్చింత. రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత సాధనంతో ఐఎస్ఓ ఫైలును దాని మీదికి ఎక్కించవలెను. ఇందులో పెన్‌డ్రైవ్‌లోని పాత సమాచారమంతా తుడుచుకుపోతుంది. ఐఎస్ఓ ఫైలు మింట్‌కు సుమారు మూడు జీబీలు, ఉబుంటు 24.04కు ఆరు జీబీలకు దగ్గరగా ఉంటుంది. రోజుకు రెండు జీబీల మొబైల్ డేటాతో గడిపేవారికి ఇది రెండు మూడు రోజుల వ్యవహారం. అయితే ఒకరు దింపుకొన్న ప్రతిని తరగతి మొత్తం పంచుకొనుట ఇక్కడ దొంగతనం కాదు. పంచుకొనే హక్కును లైసెన్సే ఇస్తున్నది. చేతులు మారిన ప్రతి సరియైనదో కాదో తెలుసుకొనుటకు షా-256 అనే సరిపోల్చు సంఖ్య ఉంటుంది. పంపిణీదారులు ప్రకటించిన సంఖ్యతో మన ఫైలు సంఖ్య అక్షరాలా కలిస్తే ఫైలు సరియైనది. ఒక్క అక్షరం తేడా వచ్చినా దానిని వాడరాదు.

పెన్‌డ్రైవ్ నుండి యంత్రాన్ని లేపుటకు, ఆన్ చేసిన వెంటనే ఒక మీటను నొక్కవలెను. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. సెక్యూర్ బూట్‌ను తీసివేయవలెనా అని అడుగుతారు. ఉబుంటు, మింట్, డెబియన్ వంటివి దానితో కలిసి నడిచే ఏర్పాటుతోనే వస్తున్నవి, ముందుగానే ముట్టుకొనవద్దు.

ఇక అసలు ఘట్టానికి వద్దాము. డిస్కును రెండుగా విభజించుట పొలం పంచుకొనుట వంటిది. మన ప్రాంతంలో భూమికి పహాణీ ఎటువంటిదో డిస్కుకు విభాగాల పట్టిక అటువంటిది. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో, ఎవరి అనుభవంలో ఉన్నదో అందులో వ్రాసి ఉంటుంది. పొలం ఉన్నచోటనే ఉన్నా పహాణీలో పేరు మారినచో ఎంత చిక్కో రైతు బిడ్డలకు మేము చెప్పనక్కరలేదు. కనుక గెట్టు వేయకముందు మూడు పనులు జరగవలెను.

మొదటిది నకలు. ముఖ్యమైన పత్రాలూ ఫోటోలూ వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనవలెను. ఆ నకలును ఒకసారి మరొక యంత్రంలో తెరచి చూచినగాని అది ఉన్నదని లెక్కించరాదు.

రెండవది బిట్‌లాకర్. క్రొత్త విండోస్ యంత్రాలలో చాలవరకు డిస్కుకు తనంతట తానే తాళం పడి ఉంటుంది, యజమానికే తెలియదు. బూట్ అమరికలలో మార్పు కనబడిన నాడు విండోస్ 48 అంకెల తాళపు సంఖ్యను అడుగుతుంది. ఆ సంఖ్య లేనివాడు తన ఇంటి ముందే పరాయివాడై నిలబడవలసినదే. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది; ముందుగా కాగితం మీద వ్రాసుకొని, సెట్టింగులలో ఆ తాళాన్ని తొలగించిన తరువాతనే ముందుకు సాగవలెను. సెకండ్ హ్యాండ్ యంత్రం కొన్నవారు ఆ ఖాతా ఎవరి పేరున ఉన్నదో మరీ విచారించుకొనవలెను.

మూడవది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా నిద్రించదు, ఒక కన్ను తెరచియే ఉంటుంది. ఆ స్థితిలో దాని విభాగంలో లినక్స్ వ్రాయబోతే ఫైళ్లు చెడే ప్రమాదమున్నది. అందుచేతనే లినక్స్ ఆ విభాగాన్ని చదువుటకు మాత్రమే తెరుస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ అమరికలలో దీనిని ఆపివేయవలెను.

గెట్టును ఎవరు వేయవలెను? విండోస్ భూమిని విండోస్ చేతనే కుదిపించుట క్షేమం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ విభాగాన్ని ఎంచి, ష్రింక్ అనే ఆదేశంతో 40 లేక 50 జీబీలు ఖాళీ చేయించవలెను. ఆ ఖాళీకి అక్కడ ఏ పేరూ పెట్టక, ఫార్మాట్ చేయక, బీడుగానే వదలివేయవలెను. ఎంత ఖాళీ ఉన్నా కొంతకు మించి కుదించలేనని విండోస్ మొండికేయవచ్చును; కదలని ఫైళ్లు మధ్యలో ఉండుట దానికి కారణం. నిద్రావస్థ ఫైలును తొలగించి మరల ప్రయత్నిస్తే తరచు ఫలిస్తుంది. మరొక మాట: అప్పుడు బ్యాటరీ నిండుగా ఉండవలెను. మధ్యలో కరెంటు పోతే మా వ్యాసం మిమ్ములను ఆదుకొనలేదు.

ఇన్‌స్టాల్ చేయుచుండగా ఒక తెర వస్తుంది. "విండోస్ ప్రక్కన వేయుము" అన్నది ఒక మార్గం; "డిస్కు మొత్తం తుడిచి వేయుము" అన్నది మరొకటి. రెండూ ఒకే పరిమాణపు అక్షరాలతో, ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. మాలో ఒకరు రాత్రి పొద్దుపోయాక నిద్రకళ్లతో రెండవదానిని నొక్కినారు. తరువాతి తెర హెచ్చరించినది, దానినీ చదువకుండా కొనసాగించినారు. నాలుగేండ్ల ఫోటోలు పోయినవి. యంత్రం చెప్పినట్లే చేసినది, తప్పు పూర్తిగా మాదే. ఆ యింటివారు ఒక్క మాట కూడ అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ కలిగించినది. అప్పటినుండి ఆ తెర దగ్గర ఇద్దరు కూర్చుని, ఒకరు చదువగా ఒకరు వినే నియమం పెట్టుకొన్నాము. "ప్రక్కన" అన్న మార్గమే కనబడకపోతే ముందుకు పోవద్దు; ఏదో కారణముండి లినక్స్ విండోస్‌ను గుర్తించలేదని అర్థం. చేతితో విభాగాలు ఎంచుకొనేవారు ఈఎఫ్ఐ అనే చిన్న విభాగాన్ని ఫార్మాట్ చేయరాదు. రెండు కాపురాల తలుపులూ అందులోనే ఉన్నవి.

అంతా ముగిసి యంత్రం మరల లేచినప్పుడు గ్రబ్ అనే పట్టిక కనిపించి ఎటు వెళ్లెదరని అడుగుతుంది. అందులో విండోస్ పేరు లేకపోతే గాభరా పడవద్దు. పేరు లేనంత మాత్రాన అది పోలేదు. ఎఫ్12 వంటి మీటతో నేరుగా పిలిస్తే వస్తుంది. విండోస్ పెద్ద సవరణల తరువాత ఒక్కొక్కసారి తననే ముందుకు తెచ్చుకొంటుంది. బయోస్‌లో వరుస మార్చితే చాలును.

మరొక చిత్రం గడియారానిది. లినక్స్ వాడి విండోస్‌లోనికి వస్తే గంట అయిదున్నర వెనుకకు పోతుంది. యంత్రపు గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ కాలంగాను, విండోస్ స్థానిక కాలంగాను భావించుటయే దీనికి కారణం; ఆ తేడా మన భారత కాలమానపు అయిదున్నర గంటలే. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో దీనిని స్థానిక కాలానికి మార్చుకొనవచ్చును. ఇది బ్యాటరీ చెడినదని భ్రమించి దుకాణానికి పరుగెత్తినవారున్నారు.

వాడుకలో వచ్చే సందేహాలు అంత బరువైనవి కావు. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ వ్రాసేటప్పుడు తెర మీద చుక్కలు కూడ పడకపోవచ్చును. మీటలు చెడలేదు, వ్రాసి ఎంటర్ నొక్కండి. విండోస్‌లోని ఈఎక్స్‌ఈ ఫైళ్లు ఇక్కడ నేరుగా నడువవు. కావలసినవానిని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుండి తెచ్చుకొనవలెను. రెండు వైపులా కావలసిన ఫైళ్లను విండోస్ విభాగంలోనే ఉంచండి. లినక్స్ దానిని చదువగలదు, లినక్స్ విభాగాన్ని మాత్రం విండోస్ తనంతట తాను చదువలేదు.

మన కళాశాలకు ప్రత్యేకమైన ప్రశ్న రెండు లిపులది. యూనికోడ్ మొదటి సంపుటి వెలువడినది కూడ 1991లోనే, అందులోనే తెలుగుకు చోటు దొరికినది. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే సాధనాలను వేసుకొన్నచో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన పద్ధతులు, ఉర్దూకు ఫొనెటిక్ పద్ధతి లభిస్తాయి. రెండు మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది, ఎడమనుండి కుడికి సాగే వాక్యం కుడినుండి ఎడమకు తిరుగుతుంది. ఉర్దూ మొదట నస్ఖ్ రీతిలో కనిపిస్తే మన ఉర్దూ సహాధ్యాయులకు కంటికి ఇంపుగా ఉండదు; నోటో నస్తలీక్ ఉర్దూ అనే ఉచిత ఖతిని వేసుకొంటే అలవాటైన రీతి వస్తుంది. సంచికకు వ్యాసాలిచ్చే మిత్రులు యూనికోడ్‌లోనే కూర్చి ఇవ్వగలిగితే అవి రెండు కాపురాలలోనూ చదువబడతాయి.

కమిటీ పెద్దలకు ఇచ్చట ఒక మనవి. ప్రయోగశాలలో ప్రక్కకు పెట్టిన యంత్రాలను అమ్మివేయకముందు వాటిమీద లినక్స్ పెన్‌డ్రైవ్‌ను ఒకసారి పెట్టి చూడనీయండి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏండ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటరు విద్య నేర్పుతున్నవి. ఇందులో మీకు లైసెన్సు ఖర్చు ఏమియు లేదు.

చివరిగా, నచ్చకపోతే తీసివేయుట ఎట్లా? తొందరపడి లినక్స్ విభాగాన్ని ముందుగా తుడిచివేయవద్దు. మొదట బయోస్‌లో విండోస్‌ను ముందు వరుసకు తెచ్చి, అది గ్రబ్ లేకుండానే లేచుచున్నదని చూచుకొని, అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ విభాగాన్ని తొలగించి సీ విభాగాన్ని పొడిగించవలెను. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌ను మాత్రం పాటలు నింపుకొనుటకు వాడుకొనక అట్లే దాచి ఉంచండి. ఏనాడైన యంత్రం లేవకపోతే లోపలి ఫైళ్లను బయటికి తీయుటకు మీ చేతిలో ఉండే తాళంచెవి అదే.