పసుపు రాళ్ల లోయ

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వయోమింగునందు ఎల్లోస్టోన్ అను నది కలదు. ఆ పేరునకు పసుపు రాయి అని అర్థము. పర్వతముల నడుమనున్న గొప్ప సరస్సునుండి వెడలి ఈ నది ఉత్తరముగా సాగును. ఈ లోయ సొగసునకును, అపాయమునకును మూలమొక్కటే. అది భూగర్భమందలి వేడిమి.

సరస్సు విడిచిన నది హేడెన్ లోయ యను పచ్చిక బయళ్లలో మెల్లగా మెలికలు తిరుగును. మూపురముగల బైసన్‌లు అచట మందలుగా మేయును. 1926 నాటికి వేటగాండ్రు రూపుమాపిన తోడేళ్లను 1995లో కెనడానుండి తెచ్చి ఈ వనమున మరల విడిచిరి. నది యొడ్డునకు చేరువనే బురదగుంటలు అంబలివలె కుతకుత ఉడుకుచుండును. కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును.

పిదప నది రెండుమారులు దుముకును. మొదటి జలపాతము 109 అడుగులు. రెండవది 308 అడుగులు, నయాగరాకు ఇంచుమించు రెట్టింపు! దాని దిగువ గండి సుమారు 20 మైళ్లు సాగును. ఇంతటి రాతిని నీరెట్లు కోయగలిగెను? వేడినీరును, ఆవిరియును అనేక సహస్రాబ్దములు పారి ఆ శిలను ముందే మెత్తబరచినవి. గట్టిరాయి ముగిసి మెత్తరాయి మొదలగు చోటనే పెద్ద జలపాతమున్నది. గండి గోడల పసుపు వన్నె గంధకమువలననే యని పలువురు తలతురు గాని, అది ముఖ్యముగా ఇనుము తుప్పుపట్టుటవలన కలిగినది.

శీతకాలమున మంచు కప్పినపుడు బైసన్‌లు వెచ్చని నేలను వెదకికొని పోయి, అచట మిగిలిన గడ్డి మేయును. 1870లో ఒక మనుష్యుడును ఇట్లే బ్రదికెను. ఆ యేట ఈ ప్రాంతమును పరిశోధింపవచ్చిన బృందమునుండి ట్రూమన్ ఎవర్ట్స్ అను 54 ఏండ్లవాడు సరస్సునకు దక్షిణపుటడవిలో తప్పిపోయెను. తుపాకి, కంబళ్లు, అగ్గిపుల్లలు మోయుచున్న గుఱ్ఱము బెదరి పారిపోయెను. మంచు కురియసాగెను. అతడు వేడినీటి బుగ్గల చెంత పరుండి, తిసిల్ అను ముండ్లమొక్క వేళ్లను ఆ నీటనే ఉడికించి తినెను. ఒకరాత్రి పలుచని నేలపొర విరిగి, ఆవిరి అతని తుంటిని కాల్చివేసెను. దుర్భిణి అద్దముతో ఎండను పట్టి నిప్పు రాజేసికొనుచు నడచిన అతనిని, 37 దినములకు, వెదకబోయినవారు అస్థిపంజరప్రాయునిగా కనుగొనిరి. ఆ మొక్కను ఎవర్ట్స్ తిసిల్ అని నేటికిని పిలుతురు.

1872 మార్చి 1న ఈ ప్రదేశము జాతీయవనమాయెను. ఇప్పుడు బుగ్గల నడుమ కొయ్యపలకల బాటలున్నవి. అయినను, 1890 మొదలు అచటి వేడినీటికి 20 మందికి పైగా బలియైరి.