పులి గడ్డి తినదా?

పాఠ్యభాగ ఉద్దేశం: మాంసాహార జంతువులు గడ్డిని, ఆకులను, పండ్లను అప్పుడప్పుడు ఎందుకు తింటాయో మన పరిసరాల్లోని ప్రాణుల ఉదాహరణలతో వివరించడం, ప్రకృతిని పరిశీలించి తెలుసుకొనే అలవాటును విద్యార్థుల్లో పెంపొందించడం.

“ఎంత ఆకలైనా పులి గడ్డి తినదు” అనే సామెత తెలుగువారందరికీ పరిచితమే. అభిమానధనుడు కష్టకాలంలో సైతం నీచానికి దిగజారడని చెప్పేటప్పుడు పెద్దలు ఈ మాటను వాడుతారు. నీతిగా ఇది గొప్ప మాట. కాని పులికి ఈ సామెత తెలియదు. పులి, చిరుత విసర్జించిన మలంలో జీర్ణం కాని గడ్డిపోచలు ఉండడాన్ని వన్యప్రాణి పరిశోధకులు పలుమార్లు గమనించారు. పచ్చి మాంసం తినే జంతువుకు గడ్డితో పనేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి అడవికి పోనక్కరలేదు. నిమ్మతోటలకు పేరుపొందిన గూడూరు ప్రాంతంలో ఉదయంపూట తోట గట్లమీద నడిస్తే, ఏదో ఒక కుక్క గరికపోచలను కొరుకుతూ కన్పిస్తుంది. “దానికి కడుపులో బాగోలేదు, వాంతి కోసం తింటున్నది” అని చూసినవారు అంటారు. ఈ అభిప్రాయం కొంతవరకే నిజం. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వందలాది కుక్కల యజమానులను ప్రశ్నించి ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. గడ్డి తినడానికి ముందు తరచుగా అస్వస్థతతో కన్పించిన కుక్కలు పదింట ఒకటికన్నా తక్కువ. తిన్న తరువాత తరచుగా వాంతి చేసుకొన్నవి దాదాపు నాలుగింట ఒకటి మాత్రమే. తక్కినవి చాలావరకు ఆరోగ్యంగా ఉండే గడ్డి తిన్నాయి. పిల్లుల విషయంలోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి.

అయితే అసలు కారణం ఏమై ఉంటుంది? ఆఫ్రికా అడవుల్లో చింపాంజీలు గరుకైన ఆకులను నమలకుండా మింగుతాయి. ఆ ఆకులు పేగుల కదలికను పెంచి, లోపలి పురుగులను బయటికి నెట్టివేస్తాయి. కుక్కలు, పిల్లుల పూర్వీకులకు కూడా గడ్డి ఇదే విధంగా ఉపయోగపడి ఉంటుందనీ, ఆ సహజాతం నేటికీ మిగిలి ఉందనీ శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు. ఇది ఇంకా పూర్తిగా నిరూపితం కాలేదు. గడ్డి వాటికి ఆహారం కాదన్నది మాత్రం స్పష్టం. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజ్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. కురచ పేగులు గల పులికి, పిల్లికి అటువంటి ఏర్పాటు లేదు. అందువల్లనే గడ్డిపోచ లోపలికి పోయినట్లే బయటికి వస్తుంది.

పండ్ల సంగతి వేరు. అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్న నక్క కథ మనం చిన్ననాడే విన్నాం. మాంసం తినే నక్కకు ద్రాక్షపై ఆశ ఏమిటని నవ్వుకొనేవారు ఉండవచ్చు. కాని నక్కలు ఎలుకలను, పురుగులను తిన్నట్లే రేగుపండ్లనూ ఇష్టంగా తింటాయి. పునుగుపిల్లి ఆహారంలోనూ ఎలుకలు, పురుగులు, చిన్న పక్షులతోపాటు పండ్లు ఉంటాయి. తిరుమల శ్రీవారికి శుక్రవారం అభిషేకానంతరం సమర్పించే పునుగు ఈ జంతువునుండి లభించేదే. పండులోని చక్కెర శక్తినిస్తుంది. దానిని జీర్ణం చేసుకోవడానికి ఆవు కడుపు అవసరం లేదు. తిన్న పండ్ల గింజలు మలంతోపాటు వేరొకచోట పడి మొలకెత్తుతాయి. ఈ విధంగా మాంసాహారి అడవికి తోటమాలి కూడా అవుతున్నది.

మనిషి చెంత పెరిగిన జంతువులది మరొక కథ. తోడేలులో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఒక జన్యువు రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కల్లో నాలుగు మొదలు ముప్పై వరకు ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వేల ఏండ్లుగా మన ఎంగిలి మెతుకులు తిన్న కుక్క మన అన్నానికి అలవాటుపడింది. పిల్లి అలా మారలేదు. దానికి తీపి రుచి తెలియదని 2005లో తేలింది. టారిన్ అనే పదార్థం మాంసాహారం ద్వారానే దానికి లభించాలి. అది లోపిస్తే కంటిచూపు పోతుందని 1975లో, గుండె జబ్బు వస్తుందని 1987లో పరిశోధనలు నిరూపించాయి. కనుక గడ్డి తింటున్నదికదా అని పిల్లిని పెరుగన్నంతో మాత్రమే పెంచడం దయ అనిపించుకోదు. అట్లే కుక్కకు ఉల్లిపాయ హానికరం. కథలోని నక్క కోరిన ద్రాక్ష సైతం కొన్ని కుక్కల మూత్రపిండాలను చెడగొడుతుంది. పురుగుమందు చల్లిన గట్టుమీది గడ్డి మరింత ప్రమాదకరం.

గూడూరుకు పడమట వెలిగొండలున్నాయి. అక్కడి పెనుశిల నరసింహ అభయారణ్యంలో ఎలుగుబంట్లు నివసిస్తాయి. పులి, కుక్క, పునుగుపిల్లి చేరిన క్రమంలోనే జంతుశాస్త్రం ఎలుగును కూడా చేర్చింది. వెదురు తిని బతికే చైనా పాండా కూడా ఆ క్రమానికి చెందినదే. ఎలుగు చెదపురుగులను, తేనెను ఎంత ఇష్టపడుతుందో రేగు, నేరేడు, తునికి పండ్లను, రేలకాయలను అంతగా ఇష్టపడుతుంది. ఈ చెట్లు తరిగిపోతే ఎలుగు ఆకలితో ఊళ్లవైపు వస్తుంది. రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉన్న ఉద్దానంలో ఈ పరిస్థితి కన్పిస్తున్నది. అక్కడి జీడిమామిడి, పనస తోటల్లోకి ఎలుగులు తరచుగా వస్తున్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది, పలువురు గాయపడ్డారు. పట్టుబడిన ఆ ఎలుగు కూడా బతకలేదు.

‘మాంసాహారి’ అన్నది మనం పెట్టిన పేరు. ఆ పేరును మాత్రమే నమ్మితే పండ్లచెట్లు లేడికి, కోతికి చాలుననుకొని నరికివేస్తాం. ఏ జంతువు ఏమి తింటున్నదో, ఎందుకు తింటున్నదో కన్నులారా చూచినవాడు ఆ చెట్టును నరకడానికి ముందు ఒకసారి ఆలోచిస్తాడు.

అర్థాలు
అభిమానధనుడు = ఆత్మగౌరవమే సంపదగా గలవాడు
సహజాతం = పుట్టుకతో వచ్చిన ప్రవృత్తి
కురచ = పొట్టి
చెంత = దగ్గర

ప్రశ్నలు
1. కుక్కలు గడ్డి తినడం గురించి ప్రజల్లో ఉన్న అభిప్రాయం ఏమిటి? అధ్యయనంలో తేలినదేమిటి?
2. పిండిపదార్థం విషయంలో కుక్కకు, తోడేలుకు గల భేదాన్ని తెలపండి.
3. “మాంసాహారి అడవికి తోటమాలి కూడా అవుతున్నది” – వివరించండి.
4. మీ వీధిలోని ఒక జంతువును వారంపాటు గమనించి, అది తిన్నవాటిని గురించి ఒక పుటకు మించకుండా రాయండి.