ఆ మాట మాత్రం ఇవ్వకు

చెల్లీ,

సఖి కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరుతున్నావని బాబాయి ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. జీతం, బస్సుల గొడవ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నీ నోటికి అలవాటు కాకూడని మాట ఒకటుంది: "ఎవరికీ చెప్పనులే తల్లీ."

ఎదురుగా పిల్ల ఏడుస్తుంటే అది దానంతటదే వచ్చేస్తుంది. కానీ 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందేమోనని భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే మొదట్లోనే చెప్పెయ్: "నీకు ప్రమాదం ఉందనిపిస్తే కొందరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా." కొందరు పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఆగనీ. నువ్వు నిలుపుకోలేని మాటను నమ్మి చెప్పడం కంటే అదే నయం.

నిజమో కాదో తేల్చడం నీ పని కాదు. అడిగిందే అడిగి విసిగించకు. తేదీ, టైము వేసి, పిల్ల అన్న మాటలే రాయి. "పాడు పని చేశాడు" అంటే అంతే రాయి, సెక్షన్ల భాషలోకి మార్చకు. సదుద్దేశంతో చెప్పినందుకు నీ మీద కేసు ఉండదు, అదీ 19లోనే ఉంది. పిల్ల వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఎఫ్‌ఐఆర్ కాలేదని ఆసుపత్రిలో పరీక్ష ఆపకూడదు. ఇవి అడగడానికి మొహమాటపడకు.

పెద్దమనుషులు వస్తారు. "వాడికే ఇచ్చి పెళ్లి చేసేద్దాం, కేసెందుకమ్మా" అంటారు. ఊళ్లో కుదిరిన రాజీతో నీ బాధ్యత తీరదు. పదిహేడేళ్ల పిల్ల ఇష్టపడి వెళ్లిపోయినా చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా అది కోర్టులో తేలాలి గానీ, మన టేబుల్ దగ్గర కాదు.

పోలీసులకు, బాలల సంక్షేమ సమితికి చెప్పాక ఇక నోరు కట్టేసుకో. పిల్ల పేరు, ఊరు, బడి ఏదీ బయటపడకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పత్రికలతో ఆగలేదు, సమాచారం చేరవేసే ఇతర మార్గాలనూ కలిపింది. మీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఫోటో పెడితే, పై అధికారి అయినా సరే, వెంటనే తీసెయ్యమను.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 అందరికీ తెలుసు. మీ జిల్లా సమితి నంబరు కూడా చేరిన రోజే ఫోన్‌లో ఎక్కించుకో.

నీ అక్క