నువ్వు మాటలు, మీరు మాటలు

తెనాలి,
నవంబరు 16

చిట్టీ,

నువ్వు ఫోన్‌లో పంపిన పొడుగాటి ఉత్తరాన్ని మీ అమ్మ కాగితాల మీద అచ్చు తీయించి తెచ్చింది. కజాన్‌లో అప్పుడే మంచు మొదలైందని రాశావు. ఆ ఊలు చెప్పుల మీద తడి ఆరనివ్వకుండా మళ్లీ బయటికి వెళ్లకు. మెడిసిన్ చదువుతో సతమతమవుతూ కూడా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే ఆవిడ మనవలిద్దరికీ సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నావని చదివి కడుపు నిండింది. పరాయి ఊళ్లో మనకు అన్నం పెట్టేవాళ్లు దొరకొచ్చు గానీ, మన దగ్గర ఏదైనా నేర్చుకుంటామనేవాళ్లు దొరకడం అదృష్టం.

ఇంగ్లీషు జాతీయాలు ఓ వంద ఏరి, వాటి పక్కన రష్యన్ అర్థాలు రాసి పంపమన్నావు. పంపను చిట్టీ. ఎందుకు పంపనో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నలభై ఏళ్ల కిందటి మాట. మీ పెదనాన్న మాస్కోలో తెలుగు అనువాదాలు చూసే పనిలో ఉండేవారు. మా పై అంతస్తులో ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. ఇంగ్లీషు చెప్పమని వారానికి రెండుసార్లు వచ్చేవాడు. అతనికి నేను నువ్వు అడిగినలాంటి జాబితానే రాసిచ్చాను. ఎడమవైపు ఇంగ్లీషు జాతీయం, కుడివైపు రష్యన్‌లో ఒక్క ముక్క అర్థం. అందులో ‘కిక్ ద బకెట్’ పక్కన ‘ఉమిరేత్’ అని, అంటే చనిపోవడం అని, రాశాను. ఆ చలికాలంలో అతనికి చదువు చెప్పిన ముసలి ప్రొఫెసర్ పోయారు. ఆయన్ని ఎరిగిన ఇంగ్లండు మనిషి ఒకాయన పలకరింపుకు వస్తే, ఈ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకుని తన గురువు బాల్చీ తన్నేశారని చెప్పాడు. తప్పని ఎవరూ అనలేదు. వచ్చినాయన మొహం చూసి అతనికే ఏదో తెలిసింది. మర్నాడు జాబితా పట్టుకొచ్చి, ‘ఇందులో ఇలాగే ఉంది కదండీ’ అన్నాడు. ఉంది. నా చేతి రాతే. ఈనాటికీ ఆ కాగితం నాకు కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

అర్థం సరిగానే రాశాను, ఆ మాట ఎవరి దగ్గర అనాలో రాయలేదు. ‘కిక్ ద బకెట్’ 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన నిఘంటువులోనే ఉంది. ఆ నిఘంటువు పేరే మోటు భాష నిఘంటువు. అంటే పుట్టు మచ్చలా ఆ మాట మీద మొదటి నుంచీ గుర్తు ఉంది, నేను చూసుకోలేదు. దాని పక్కన ‘ఉమిరేత్’ బదులు వాళ్లదే అయిన ‘సిగ్రాత్ వ్ యాషిక్’ రాసి ఉంటే, అంటే పెట్టెలోకి ఆటకెళ్లడం అన్నమాట, ఆ అబ్బాయి చచ్చినా దాన్ని తన గురువు మీద వాడి ఉండేవాడు కాదు. మనం ‘బాల్చీ తన్నేశాడు’ అని ఇంగ్లీషు మాటనే తెచ్చుకుని వాడుకుంటున్నాం కదా, మీ తాతయ్య పోయినప్పుడు ఎవరైనా ఆ మాట అంటే మనం ఏమయ్యేవాళ్లం?

అందుకని నీకు నేను చెప్పేది ఒక్కటే పని. రష్యన్‌లో ‘తీ’ అని ఒకటి, ‘వీ’ అని ఒకటి ఉన్నాయని నీకు తెలుసు, మన నువ్వు, మీరు లాగే. ఇంగ్లీషులో రెండింటికీ ‘యూ’ ఒక్కటే. ఆ తేడా ఆ భాషలో లేదని కాదు, కంటికి కనబడకుండా మాటల ఎంపికలోకి వెళ్లి దాక్కుంది. ఆ పిల్లలకు ప్రతి ఇంగ్లీషు జాతీయమూ చెప్పేటప్పుడు పక్కన అర్థం రాయించే ముందు ‘తీ’నో ‘వీ’నో రాయించు. ‘పుల్లింగ్ మై లెగ్’ తీ మాట. ‘కీప్ యాన్ ఐ ఆన్’ ఎవరితోనైనా అనొచ్చు, రెండూ రాయించు. ‘కిక్ ద బకెట్’ తీ మాటే, అదీ పోయినవాళ్లు మన మనసుకు దూరమైనవాళ్లయితేనే. పిల్లలకు ఈ గుర్తు పెట్టడం భలే సరదాగా ఉంటుంది, వాదించుకుంటారు కూడా. ఆ వాదనలోనే మాట ఒంటబడుతుంది.

ఇంకో సంగతి. నీకు ఇంగ్లీషు సరిగా రాదేమో, ఇంగ్లండులో పుట్టినవాళ్లయితే బాగా చెప్పేవాళ్లేమోనని రాశావు. అలా అనుకోకు. రష్యన్ పిల్లలకు ఇంగ్లీషులో ఎక్కడ కాలు జారుతుందో తెలుగు పిల్లకు తెలిసినట్టు ఇంగ్లీషువాళ్లకు తెలియదు. వాళ్ల భాషలో ‘ఎ’, ‘ద’ అనేవి లేవు, మన భాషలోనూ లేవు. ‘అతను డాక్టరు’ అని మనం మధ్యలో ఏ క్రియా లేకుండా అన్నట్టే వాళ్లూ ‘ఓన్ వ్రాచ్’ అంటారు. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అని మనం అన్నట్టే ‘ఉ మిన్యా యేస్త్ క్నీగ’ అంటారు, ‘ఐ హావ్’ అని ఎత్తుకోవడం ఇద్దరికీ కొత్తే. అందుకే ఆ పిల్లలు ‘కిక్ బకెట్’ అని గానీ ‘కిక్ ఎ బకెట్’ అని గానీ అంటారు. మామూలు వాక్యంలో ఆ చిన్న మాట తప్పినా ఎదుటివాళ్లు సర్దుకుంటారు, జాతీయంలో తప్పితే మాట చచ్చిపోతుంది. ‘కిక్ ఎ బకెట్’ అంటే కాలు తగిలి నిజంగానే ఏదో బాల్చీ దొర్లింది. జాతీయం గడ్డకట్టిన మాట, దాన్ని విడదీయకూడదని వాళ్లకు ఒక్కసారి గట్టిగా చెప్పు. నువ్వు చిన్నప్పుడు అదే తప్పు చేశావు, అందుకే చెప్పగలవు.

ఇక ఎలా మొదలుపెట్టాలంటే, ముందు వాళ్ల నోట్లో ఉన్న మాట బయటికి రప్పించు. వాన గురించి అడిగితే ఆ పిల్లలు ‘ల్యోత్ కాక్ ఇజ్ వెద్రా’ అంటారు, బకెట్‌తో గుమ్మరించినట్టు. మనం కుండపోత అంటాం. వాళ్ల బకెట్, మన కుండ పక్కపక్కన పెట్టాక ఇంగ్లీషువాళ్ల పిల్లులూ కుక్కలూ చెప్పు, అప్పుడు అది వింతగా కాకుండా మూడో ఇంటివాళ్ల అలవాటులా కనబడుతుంది. ఆ పిల్లులూ కుక్కలూ ఇవాళ మాట్లాడే ఇంగ్లీషులో పెద్దగా వినబడవు, మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆ పిల్లల పాఠ్యపుస్తకాల్లోనూ ఎక్కువగా కురుస్తాయి. మామూలుగా ‘ఇట్స్ పోరింగ్’ అంటే చాలని చెప్పు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తాతకు దగ్గులు నేర్పడం. రష్యన్‌లో ‘యైత్సా కూరిత్సు నె ఊచత్’, గుడ్లు కోడికి పాఠాలు చెప్పవని. ఇంగ్లీషులో బామ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు అంటారు. గుడ్డు రెండింట్లో ఉంది, పెద్దవాళ్లు మూడింట్లో ఉన్నారు. అలాగే మనం ఎదుటివాడి చెవిలో పువ్వులు పెడితే రష్యన్లు చెవులకు సేమ్యాలు వేలాడదీస్తారు, ‘వేషత్ లప్షూ నా ఉషి’. ఇంగ్లీషువాళ్లు కళ్ల మీదికి ఉన్ని లాగుతారు. భయం వేస్తే ఇంగ్లీషువాడి గుండె నోట్లోకి ఎక్కుతుంది, రష్యన్ల ప్రాణం మడమల్లోకి దిగుతుంది, మనకు గుండె జారడమూ ఉంది, పైప్రాణాలు పైనే పోవడమూ ఉంది. నువ్వు డాక్టరువి కాబోతున్నావు, శరీరంతో చేసిన ఈ మాటలన్నీ ఒక నోటు పుస్తకంలో వేరే రాసుకో. రేపు వార్డులో ముసలావిడ ఎవరైనా తన ప్రాణం మడమల్లో ఉందంటే నువ్వు కాళ్లు పరీక్ష చేయకూడదు కదా.

పోలికలు ఇలా కలిసిన చోట పని తేలిక. దగ్గరగా ఉండి వేరైన చోటే ప్రమాదం. సంచిలో పిల్లి సంగతి చూడు. చూడకుండా సరుకు కొనడాన్ని ఇంగ్లీషులో సంచిలో పంది పిల్లను కొనడం అంటారు, ‘పిగ్ ఇన్ ఎ పోక్’. రష్యన్‌లో అదే ‘కోత్ వ్ మిష్కే’, సంచిలో పిల్లి. ఇంగ్లీషులోనూ సంచిలో పిల్లి ఉంది, కానీ దాన్ని బయటికి వదిలేయడం అంటే గుట్టు బయటపెట్టడం. రష్యన్ పిల్లవాడు ‘లెట్ ద క్యాట్ అవుటాఫ్ ద బ్యాగ్’ విన్న వెంటనే బజారులో మోసపోయిన మనిషిని ఊహించుకుంటాడు. తెలిసిన పిల్లే కదా అని ధైర్యంగా తప్పు చేస్తాడు. ఇలాంటివి కనబడినప్పుడు రెండు బొమ్మలు గీయించు, ఒక బొమ్మలో సంచి మూసి ఉండాలి, రెండో దాంట్లో తెరిచి ఉండాలి. అంతకుమించి వివరణ అక్కర్లేదు.

కొన్ని జాతీయాలకు ఊళ్లు ఉంటాయి, అవి చెప్పేటప్పుడు గోడ మీద పటం పెట్టుకో. ‘క్యారీ కోల్స్ టు న్యూకాసిల్’ అన్న మాట పుట్టింది టైన్ నది ఒడ్డు నుంచి కొన్ని వందల ఏళ్ల పాటు ఓడల్లో బొగ్గు లండన్‌కు వెళ్లింది కాబట్టి. అక్కడి గనులు మూతపడ్డాయి, మాట మాత్రం మిగిలింది. రష్యన్లు దాన్నే సొంత సమవార్ పట్టుకుని తూలాకు వెళ్లడం అంటారు. లిసీత్సిన్ అన్నదమ్ములు 1778లో ఆ ఊళ్లో సమవార్లు చేయడం మొదలుపెట్టారు. మనకు ఆత్రేయపురానికి పూతరేకులు మోసుకెళ్లడం లాంటిదని నువ్వు చెబితే వాళ్లు పూతరేకులంటే ఏమిటని అడుగుతారు. చెప్పు, పాఠం అరగంట ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇంగ్లీషులో సరిజోడు లేని రష్యన్ మాటలు కూడా ఆ పిల్లలు నీ మీదికి విసురుతారు. ‘మెద్వేజ్యా ఉస్లూగా’ను ఇంగ్లీషులో ఎలా అనాలని అడుగుతారు. ఎలుగుబంటి చేసిన సేవ అని. క్రిలోవ్ రాసిన నీతికథలో, నిద్రపోతున్న సన్యాసి నుదుటి మీద వాలిన ఈగను చంపబోయి ఎలుగుబంటి రాయి వేస్తుంది, ఆ దెబ్బకు స్నేహితుడే పోతాడు. చదువుతుంటే నీకు ఏదో గుర్తొచ్చి ఉండాలి. మన పంచతంత్రంలో రాజుగారి మీద వాలిన ఈగను కత్తితో నరకబోయిన కోతి కథ అది. పారశీకం, అరబ్బీ దాటి, ఫ్రెంచిలో లా ఫోంటేన్ చేతికి వచ్చి, 1678లో ఆయన పుస్తకంలో ఎలుగుబంటి కథగా అచ్చయి, అక్కడి నుంచి రష్యాకు చేరింది. నువ్వు ఆ పిల్లలకు పరాయిదానివి కాదు చిట్టీ, వాళ్ల ఎలుగుబంటికి మేనత్త వరసవుతావు. అయితే ఇంగ్లీషులో మాత్రం ‘బేర్స్ సర్వీస్’ అనొద్దని చెప్పు, ఎవరికీ అర్థం కాదు. ‘డిస్‌సర్వీస్’ అన్న వట్టి మాటతో సరిపెట్టుకోవాలి. జాతీయానికి జాతీయమే దొరకాలని పట్టుబట్టకు. క్రుశ్చేవ్ నిక్సన్‌తో మాట్లాడుతూ మీకు ‘కూజ్కిన మాత్’ను చూపిస్తామన్నది 1959లో. మా తడాఖా చూపిస్తాం అనడమే అది. మాటకు మాట ‘కుజ్మా తల్లి’ అని ఇంగ్లీషులోకి వెళ్లేసరికి, ఆ తల్లి ఎవరో అమెరికావాళ్లకు అంతుబట్టలేదు.

పుస్తకం కావాలంటే అలెగ్జాండర్ కూనిన్ చేసిన ఇంగ్లీష్-రష్యన్ జాతీయాల నిఘంటువు పాత పుస్తకాల దుకాణాల్లో వెతుకు. మొదట 1955లో వచ్చింది, 1984 ముద్రణలో సుమారు 20 వేల జాతీయాలు ఉంటాయి. బరువుకు భయపడకు, కొను. మీ పెదనాన్న బల్ల మీద దాని పక్కనే తర్వాతి రోజుల్లో రాచమల్లు రామచంద్రారెడ్డి గారి ‘అనువాద సమస్యలు’ ఉండేది. ఆయనా మాస్కోలో అనువాదకుడిగా పనిచేసినవారే. ఆ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మా ప్రతి మీ అమ్మకు ఇచ్చి పంపుతున్నాను, సంక్రాంతికి ఎవరైనా కజాన్ వస్తే తెచ్చిస్తారు. తెలుగు మనిషి పరాయి నుడికారంతో ఎంత పెనుగులాడాలో అందులో తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. దొంగ కన్నీళ్లతో జాలి సంపాదించేవాళ్లను రష్యన్లు ‘సిరతా కజాన్స్కయ’ అంటారు, కజాన్ అనాథ అని. ఇవాన్ ద టెరిబుల్ 1552లో ఆ ఊరిని గెలుచుకున్నాక అక్కడి తాతార్ ప్రభువులు జారు దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నారని, ఆ మాట అలా పుట్టిందని చెబుతారు. నువ్వు ఉన్నది ఆ ఊళ్లోనే, నీ చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది తాతార్లు. ఓడిపోయినవాళ్ల మీద గెలిచినవాళ్లు వేసిన మాట అది. పిల్లలు వాడితే అర్థం చేసుకో, నీ నోటి నుంచి మాత్రం రానివ్వకు. దానికి తీ, వీ రెండూ వద్దు.

గేటు దగ్గర ఆవిణ్ణి నా తరఫున ఒకటి అడుగు. ఎన్నటికీ జరగని పనికి వాళ్లు ‘పీత కొండెక్కి ఈల వేసినప్పుడు’ అంటారు, ఇంగ్లీషువాళ్లకు పందులు ఎగరాలి, మనకు కుందేటికి కొమ్ము మొలవాలి. అదే తాతార్ భాషలో ఏమంటారో కనుక్కుని రాయి. నలభై ఏళ్లుగా అడగాలనుకుంటున్నాను, మాస్కోలో నాకు అడిగే మనిషి దొరకలేదు.

జనవరిలో నీ చలికాలం పరీక్షలు కదా. ఇంగ్లీషువాళ్లయితే ‘బ్రేక్ ఎ లెగ్’ అంటారు, అది నాటకాలవాళ్ల మాట, నాకు నచ్చదు, కాలు విరగమనడం నా నోటికి రాదు. వేటకు వెళ్లేవాళ్లకు దిష్టి తగలకుండా రష్యన్లు చెప్పిన మాటే చెబుతాను. నీ పూఖ, నీ పెరా. నూగూ వద్దు, ఈకా వద్దు. దానికి ‘క్ చోర్తు’ అని, సైతాను దగ్గరికి పొమ్మని, జవాబు చెప్పాలని నీకు తెలుసు. ఎంత పెద్దవాళ్లతోనైనా అనాల్సిందే, అనకపోతే దీవెన ఫలించదంటారు. పెద్దమ్మనని మొహమాటపడకుండా ఫోన్ చేసి గట్టిగా అను.

ఇట్లు,
నీ పెద్దమ్మ