జ్వరం ఎన్నో రోజు?

వైవాకి వచ్చిన పిల్లల చేతికి నేనొక చీటీ ఇచ్చేదాన్ని. "రోగికి జ్వరం. విడాల్ నెగెటివ్. టైఫాయిడ్ కాదని చెప్పవచ్చా?" అని ఉండేది అందులో. సాల్మొనెల్లా గురించి పేజీలకు పేజీలు అప్పజెప్పగలిగిన వాళ్లు కూడా "చెప్పవచ్చు మేడమ్" అనేసేవారు. ఎప్పుడో ఒకరు మాత్రం "జ్వరం ఎన్నో రోజు మేడమ్?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. ఇక వాళ్లనేమీ అడక్కుండా మార్కులు వేసి పంపేసేదాన్ని.

గోదావరి జిల్లాల్లో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఎంబీబీఎస్ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. పుస్తకంలో ఉండి కూడా పరీక్ష ముందు రాత్రి కంటికి ఆనని సంగతులు కొన్ని రాసిపెడుతున్నాను.

1. జ్వరం మొదలైన తేదీ లేని రిక్వెస్ట్ ఫారం వెనక్కి పంపండి.

టైఫాయిడ్‌కి మీరంతా 'బాసు' అని గుర్తు పెట్టుకుంటారు. మొదటి వారం బ్లడ్ కల్చర్, రెండో వారం యాంటీబాడీ, మూడో వారం స్టూల్, నాలుగో వారం యూరిన్. అక్షరాలు గుర్తుంటాయి, అర్థం జారిపోతుంది. సూక్ష్మజీవి రక్తంలో తిరుగుతున్నప్పుడు దాన్నే పట్టుకోవాలి. విడాల్ పట్టుకునేది సూక్ష్మజీవిని కాదు, దానికి మన ఒళ్లు ఇచ్చిన జవాబుని. 'ఓ' రకం యాంటీబాడీ కనబడడానికి 6 నుంచి 8 రోజులు, 'హెచ్' రకానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. మూడో రోజు జ్వరానికి విడాల్ నెగెటివ్ వస్తే దానికి అర్థమే లేదు. పాజిటివ్ వచ్చినా నమ్మకం లేదు. టైఫాయిడ్ ఊరు విడవని చోట ఆరోగ్యంగా తిరిగేవాళ్లకి కూడా 1:40, 1:80 టైటర్ ఉంటుంది.

వారం పది రోజుల తేడాతో రెండు శాంపిళ్లు తీసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగిందేమో చూడమంటుంది పుస్తకం. ఆ రెండో శాంపిల్ ఇవ్వడానికి వచ్చిన మనిషిని నేను చూసింది బహు తక్కువ. జ్వరం తగ్గినవాడు రాడు, తగ్గనివాడు ఇంకో ఆస్పత్రికి పోతాడు. "టైఫాయిడ్ కొంచెం ఉంది" అని వీధి చివరి ల్యాబు ఇచ్చే కాగితమంటే నాకందుకే ఒళ్లు మంట. కొంచెం ఉండడమేమిటి, కూరలో ఉప్పా?

బ్లడ్ కల్చర్ యాంటీబయాటిక్ పడకముందే తీయాలి. పెద్దవాళ్లకైతే సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకి ఒక్క సూక్ష్మజీవి ఉంటే ఎక్కువే. రెండు మిల్లీలీటర్లు పంపి, ఏమీ పెరగలేదని ల్యాబుని తిట్టే వార్డులు నాకు తెలుసు.

డెంగీ లెక్కా ఇంతే. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. రెండో రోజు ఐజీఎం లేదని రోగికి ధైర్యం చెప్పి ఇంటికి పంపకండి.

2. కొన్నిటికి రోజు చాలదు, గంట కావాలి.

ఫైలేరియా మా ప్రాంతానికి పాత చుట్టం. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో ఉంటాయి. వాటి పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రిపూటే. ఎవరి సౌకర్యం ఎవరు చూసుకున్నారో గానీ, మధ్యాహ్నం ఓపీలో తీసిన రక్తంలో అవి ఉండవు.

అందుకే నైట్ బ్లడ్ సర్వే. పిల్లల్ని తీసుకుని వెళితే జనం నిద్రమొహాలతో తలుపు తీసి, "ఇప్పుడా అమ్మా?" అని విసుక్కునేవారు. వేలి కొన గుచ్చి 20 క్యూబిక్ మిల్లీమీటర్ల రక్తం స్లైడు మీదికి తీసుకుంటాం. మర్నాడు ఆ మందపాటి స్మియర్‌ని నీళ్లలో ఉంచితే ఎరుపంతా దిగిపోతుంది, ఆ తర్వాత స్టెయిన్. కానీ పిల్లలకి నేను ముందు చూపించేది స్టెయిన్ చేయని తడి చుక్కనే. కవర్ స్లిప్ వేసి లో పవర్‌లో పెడితే పురుగు కంటే ముందు కంగారు కనబడుతుంది. ఒకచోట ఎర్రకణాలు ఊరికే అటూ ఇటూ తోసుకుంటుంటాయి. వాటి మధ్యన మెలికలు తిరుగుతూ, ఉన్నచోటే కొట్టుకుంటూ దారంపోగులాంటి ప్రాణి. అది చూసిన పిల్ల ఆ టైమింగు మళ్లీ బట్టీ పట్టనక్కర్లేదు. స్టెయిన్ చేశాక ఒంటిమీద తొడుగుందా, తోక చివర న్యూక్లియస్‌లు లేవా అని చూడాలి. రెండూ సరిపోతే ఉచెరేరియా బాంక్రాఫ్టీ.

దీని మందు డీఈసీ. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తెచ్చిన పరిశోధకులకు నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పగలే 100 మిల్లీగ్రాములు ఇస్తే దాక్కున్న మైక్రోఫైలేరియాలు గంటలోపే రక్తంలోకి వచ్చేస్తాయి. రాత్రి తిరగలేనిచోట ఆ ఉపాయం ఉంది. యాంటిజెన్ కార్డు పరీక్షకైతే వేళతో పనే లేదు. ఇంకొక్కటి గుర్తుంచుకోండి. కాలు బాగా లావెక్కిన బోదకాలు రోగి రక్తంలో చాలాసార్లు మైక్రోఫైలేరియా దొరకదు. చూడ్డానికి ఏ జబ్బూ లేని పక్కింటి కుర్రాడి రక్తంలో దొరుకుతుంది.

3. శాంపిల్ సీసాలో కూడా కాలం నడుస్తూనే ఉంటుంది.

యూరిన్ కల్చర్‌లో మిల్లీలీటరుకి లక్ష దాటితే ఇన్‌ఫెక్షన్ అంటాం. సరైన వేడి దొరికితే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే 2 గంటల్లో 64 రెట్లు. సరిగ్గా కడుక్కోకుండా పట్టిన యూరిన్‌లో చర్మం మీది సూక్ష్మజీవులు మిల్లీలీటరుకి 2,000 ఉన్నాయనుకోండి. వార్డు బాయ్ టీ తాగి, ఇంకో నాలుగు శాంపిళ్లు పోగయ్యాక తెద్దామని ఆగితే, లెక్క ప్రకారం ఆ 2,000 కాస్తా 1,28,000. రోగికి లేని జబ్బు బల్ల మీద పుట్టింది. 2 గంటల్లో ల్యాబుకి చేర్చలేకపోతే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇది నేర్చుకున్న ఉత్సాహంలో సీఎస్ఎఫ్ కూడా ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. పెట్టకండి! మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్, హీమోఫిలస్ చలికి తట్టుకోలేవు. కల్చర్‌కి వెళ్లే సీఎస్ఎఫ్ గది వేడిలోనే ఉండాలి, చేతిలో పట్టుకుని వెంటనే నడవాలి.

4. టీబీ దగ్గర తొందర పనికిరాదు.

ఈ.కోలైకి 20 నిమిషాలైతే టీబీ సూక్ష్మజీవికి ఒక్కసారి రెట్టింపవడానికి 15 నుంచి 20 గంటలు. ఎల్‌జే మీడియం మీద కాలనీ కనబడడానికి వారాలు పడుతుంది. కఫంలో తెల్లవారి లేవగానే తీసింది మేలు, రాత్రంతా పేరుకున్నది అందులో వస్తుంది. జీల్-నీల్సన్‌లో కార్బాల్ ఫుక్సిన్ ఆవిరి వచ్చేదాకా వేడిచేయాలి గానీ మరిగించకూడదు. నెగెటివ్ అని రాసే ముందు ఆయిల్ ఇమ్మర్షన్‌లో 100 ఫీల్డులు చూడాలి. పదిహేను చూసి రాసేవాళ్ల చేతివాటం నేను దూరం నుంచే పట్టేదాన్ని. స్టేజ్ కదిలించే పద్ధతిలోనే తెలిసిపోతుంది.

మందులు వాడుతున్నవాళ్లకి ఫాలో అప్‌గా సీబీనాట్ రాయకండి. చచ్చిన సూక్ష్మజీవి డీఎన్ఏకి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

5. కల్చర్ ప్లేటుని 24 గంటలకే పారేయకండి.

వరి పొలంలో పనిచేసే షుగర్ రోగి. వానాకాలం. వదలని జ్వరం, స్కానింగ్‌లో కాలేయంలోనో ప్లీహంలోనో చీము. చీము కల్చర్ చేస్తే మర్నాటికి మామూలు కాలనీలు. గ్రామ్ స్టెయిన్‌లో రెండు చివర్లే రంగు పట్టిన గులాబీ కడ్డీలు. "సూడోమోనాస్ జాతి" అని రాసి పంపేయడమో, గాలిలోంచి పడిందని ప్లేటు తీసేయడమో ఇక్కడే జరుగుతుంది. అదే ప్లేటుని ఇంకో రెండు మూడు రోజులు ఉంచితే కాలనీలు ఎండి ముడతలు పడతాయి. జెంటామైసిన్, కొలిస్టిన్ రెండిటికీ లొంగక, కో-అమాక్సిక్లావ్‌కి లొంగితే మెలియాయిడోసిస్‌ని అనుమానించండి. రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్.కృష్ణస్వామి దీన్ని మొదట గుర్తించి నూరేళ్లు దాటింది. మన ల్యాబుల్లో ఇప్పటికీ దీన్ని చాలాచోట్ల దాటవేస్తున్నారని నా అభిప్రాయం. ఊపిరితిత్తులకి పడితే టీబీ అనుకుని నెలలు పోగొడతారు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు నరానికి ఎక్కించి, ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ ఇవ్వాలి. కాబట్టి మీరు రాసే పేరు మీద చాలా ఆధారపడి ఉంది.

6. మాంటూ చదివేది 48 నుంచి 72 గంటల మధ్య.

టీ కణాలు సూది వేసిన చోటికి చేరి పోగవడానికి ఆ వ్యవధి కావాలి. కొలిచేది గట్టిపడిన మేర, ఎర్రబడిన మేర కాదు. బాల్‌పెన్‌తో అటూ ఇటూ నుంచి గీత గీసుకుంటూ వస్తే గట్టి అంచు దగ్గర పెన్ను ఆగుతుంది.

7. కుక్క కాటుకి రెండు ఇంజెక్షన్లూ ఒకేరోజు ఎందుకో రోగికి చెప్పండి.

యాక్టివ్, పాసివ్ ఇమ్యూనిటీకి తేడా రాయమంటే పట్టిక గీసి ఇస్తారు. క్యాజువాలిటీలో అదే తేడా ఒక పిల్లాడి రూపంలో ఎదురుగా నిలబడితే గుర్తుపట్టరు. టీకా వేసినా సొంత యాంటీబాడీ తయారవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. గాయంలోని వైరస్ అన్నాళ్లు ఆగదు, నరాన్ని పట్టుకుంటుంది. అందుకే నెత్తురు వచ్చేలా కరిచిన కేటగిరీ 3 గాయానికి మొదటి రోజే ఇమ్యూనోగ్లోబ్యులిన్. సొంత పంట ఇంటికి చేరేదాకా బదులు తెచ్చుకున్న బియ్యమది. మనిషి నుంచి తీసినదైతే కిలోకి 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40. దాన్ని గాయం లోపల, గాయం చుట్టూ ఎక్కించాలి. పిల్లాడు ఏడుస్తున్నాడని మొత్తం తొడలో పొడిచేస్తే చేయాల్సిన పని చేయనట్టే. మొదటి రోజు కుదరకపోతే, టీకా మొదలైన ఏడో రోజు వరకు ఇవ్వవచ్చు. అది దాటాక ఇస్తే తయారవుతున్న సొంత యాంటీబాడీకే అడ్డం.

వీటన్నిటికంటే ముందు సబ్బు, నీళ్లు, 15 నిమిషాలు. గాయానికి కారం, సున్నం పెట్టుకుని వచ్చినవాళ్లని కసురుకోకుండా కడగండి. పెద్దవాళ్లలో ఇంకా కొందరు "బొడ్డు చుట్టూ పొడుస్తారు" అని భయపడి రారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా 2005 వచ్చేసరికే మన దేశంలో పోయిందని చెప్పండి. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకి డోసులు. 28వ రోజు డోసుకి ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఓపీ చీటీ మీద ఆ తేదీ, వారం పేరుతో సహా, పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

8. సూది గుచ్చుకున్న నిమిషం నుంచి మీ గడియారం మొదలు.

వాడిన సూదికి మూత పెట్టకండి అని ఎంత చెప్పినా పెడతారు, కాబట్టి తర్వాతి సంగతి చెబుతాను. వేలు పిండకండి, సబ్బుతో కడగండి. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ అంటుకునే అవకాశం దాదాపు 0.3 శాతం, అంటే వెయ్యికి మూడు. హెపటైటిస్ బీ అయితే, టీకా లేనివాళ్లకి, 30 శాతం దాకా పోవచ్చు. పిల్లలు భయపడేది మాత్రం మొదటిదానికే. హెచ్ఐవీ నివారణ మందు 2 గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ఆ రోజే మీ రక్తపరీక్ష కూడా చేస్తారు. అది మీకు అంటుకుందో లేదో చెప్పదు, అంతకుముందు లేదని మాత్రమే చెబుతుంది. అసలు జవాబు వారాల తర్వాతి పరీక్షల్లో ఉంటుంది.

హెపటైటిస్ బీ టీకా ఒకప్పుడు దిగుమతి సరుకు, ధర చూసి వెనక్కి వెళ్లేవాళ్లు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బీ తెచ్చాక అది అందరి చేతికీ వచ్చింది. 0, 1, 6 నెలల డోసులు కాలేజీలో చేరగానే మొదలుపెట్టండి. మూడో డోసు పడ్డాక ఒకటి రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ చేయించుకోండి. మిల్లీలీటరుకి కనీసం 10 మిల్లీ యూనిట్లు రావాలి. రాకపోతే మళ్లీ మూడు డోసులు. వచ్చిన ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సూది గుచ్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టరు మిమ్మల్ని అడిగే మొదటి కాగితం అదే.